టక్ మనే రిలే, చప్పుడు చేయని ట్రాన్సిస్టర్

బోయినపల్లి మండలంలో బోరు మోటారు ఎత్తుకోకపోతే రైతు ముందు చెవి పెట్టి వింటాడు, తర్వాతే డబ్బా తెరుస్తాడు. సెల్‌ఫోనుతో నడిచే స్టార్టర్ పెట్టుకున్నవాళ్లకు ఈ అలవాటు మరీ ఎక్కువ. ఫోను కొట్టగానే డబ్బాలోంచి ముందు ఒక చిన్న ‘టక్’, వెంటనే ఒక పెద్ద ‘ధడ్’ వినిపించాలి. మెకానిక్ దగ్గరికి వచ్చి “చిన్న టక్కు వస్తున్నది గాని పెద్ద చప్పుడు వస్తలేదన్నా” అంటే చాలు, స్క్రూడ్రైవర్ పట్టకముందే సగం రోగం తెలిసిపోతుంది. పెద్ద చప్పుడు మూడు ఫేజుల 415 వోల్టులను మోటారుకు కలిపే కాంటాక్టర్‌ది. చిన్న టక్కు 12 వోల్టులతో పనిచేసే రిలేది. అయితే ఆ టక్కుకు ముందు ఇంకొకటి జరుగుతుంది. దానికి చప్పుడు లేదు. శనగగింజంత నల్లటి ట్రాన్సిస్టర్ ఒకటి రిలేకు దారి తెరుస్తుంది. అది తెరవకపోతే టక్కూ లేదు, ధడ్డూ లేదు.

చప్పుడు చేయని ఆ వస్తువు మీద రిపేరు షాపుల్లో ఎడతెగని వాదం ఒకటి ఉంది. తక్కువ వోల్టేజీ కరెంటును, అంటే 5, 12, 24 వోల్టుల డీసీని, వేయడానికీ ఆపడానికీ ఇక రిలేలు ఎందుకు, ట్రాన్సిస్టర్లు చాలవా అని కొత్తగా బోర్డులు చేస్తున్న కుర్రాళ్లు అడుగుతారు. రిలే అయితే కంటికి కనిపిస్తుంది, చెవికి వినిపిస్తుంది, దాని మాట నమ్మొచ్చు అని పాతకాపు మెకానిక్‌లు అంటారు. రెండు మాటల్లోనూ అనుభవం ఉంది. వాదం తెగకపోవడానికి కారణం కూడా అదే కావచ్చు. ఎవరికి వాళ్లు తమ టేబుల్ మీదికి వచ్చిన బోర్డుల గురించి మాట్లాడుతున్నారు, అందరి టేబుళ్ల మీదికీ ఒకే రకం బోర్డులు రావు.

మన ఊళ్లలో పెద్దవాళ్లకు ట్రాన్సిస్టర్ అంటే ఇప్పటికీ రేడియోనే. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ల్యాబొరేటరీలో బార్డీన్, బ్రాటెయిన్‌లు షాక్లీ బృందంలో ఉండి తయారుచేసిన ఆ చిన్న వస్తువు, ఏడేళ్లు తిరక్కముందే జేబు రేడియోగా బజారులోకి వచ్చింది. లోపలి భాగం పేరే మొత్తం పెట్టెకు పేరయి మన పొలం గట్ల దాకా నడిచొచ్చింది. కానీ రేడియోలోని ట్రాన్సిస్టర్ చేసే పని వేరు, మనం ఇక్కడ మాట్లాడుకుంటున్న పని వేరు. రేడియోలో అది సన్నటి ధ్వనిని పెద్దది చేస్తుంది. అంటే తలుపును ఓసారి పావు వంతు, ఓసారి సగం తెరుస్తూ మూస్తూ ఉంటుంది. స్విచ్చిగా వాడినప్పుడు మాత్రం దానికి రెండే స్థితులు ఉండాలి: పూర్తిగా మూత, పూర్తిగా తెరుపు. మధ్యలో ఆగిందంటే వేడెక్కుతుంది. ఈ పనిలో వచ్చే తిప్పలు చాలావరకు ఆ మధ్య స్థితిలోంచే పుడతాయి.

ముందు ట్రాన్సిస్టర్ వైపు వాదన చూద్దాం. స్టార్టర్ డబ్బాలో ఫోను సందేశాన్ని అందుకుని నిర్ణయం తీసుకునే చిప్పు చాలా బలహీనమైనది. దాని కాలు ఒక్కొక్కటి పది ఇరవై మిల్లీ ఆంపియర్ల కంటే ఎక్కువ ఇవ్వలేదు, అదీ 3.3 వోల్టుల దగ్గరో 5 వోల్టుల దగ్గరో. మామూలు 12 వోల్టుల చిన్న రిలే కాయిల్ నిరోధం 400 ఓంలు. లెక్క కడితే దానికి 30 మిల్లీ ఆంపియర్లు కావాలి, వోల్టేజీ కూడా చిప్పుకు అందనిదే. ఈ రెంటికీ మధ్య పొత్తు కుదిర్చేది ట్రాన్సిస్టర్. బీసీ 547 అనే రెండు మూడు రూపాయల ట్రాన్సిస్టర్ 100 మిల్లీ ఆంపియర్ల దాకా మోస్తుంది. దాన్ని నడిపే బేస్ అనే కాలికి వెయ్యి ఓంల రెసిస్టర్ గుండా రెండున్నర నుంచి నాలుగు మిల్లీ ఆంపియర్లు అందితే చాలు, 30 మిల్లీ ఆంపియర్ల కాయిల్‌కు దారి పూర్తిగా తెరుస్తుంది. తెరిచినప్పుడు అది తినే వోల్టేజీ సుమారు 0.2 మాత్రమే. కాబట్టి రిలేనా ట్రాన్సిస్టరా అనే ప్రశ్న సగం తప్పు ప్రశ్న. ఈ కాలపు బోర్డుల్లో రిలేను నమ్మేవాడు కూడా తెలిసో తెలియకో దాని వెనకున్న ట్రాన్సిస్టర్‌నూ నమ్ముతూనే ఉన్నాడు. అసలు ప్రశ్న, ట్రాన్సిస్టర్ దగ్గరే ఆగొచ్చా, లేక దాని తర్వాత రిలే కూడా ఉండాలా అన్నది.

ఆగొచ్చు అనేవారి చేతిలో ఒక బలమైన లెక్క ఉంది. రిలేలో లోహపు నాలుక కదులుతుంది. కదిలేది ఏదైనా అరుగుతుంది, కలిసి విడిపోయే చోట చిన్న నిప్పు పుడుతుంది. మామూలు చిన్న రిలేలకు పూర్తి లోడు మీద లక్ష సార్ల ఆయుష్షు అని కంపెనీలు రాస్తాయి. నిమిషానికి ఒకసారి వేసి ఆపే పనికి దాన్ని పెడితే రోజుకు 1,440 సార్లు, డెబ్బై రోజులు తిరక్కముందే ఆ లక్ష అయిపోతుంది. ఎల్‌ఈడీ లైటు వెలుగును తగ్గించడానికో, చిన్న డీసీ మోటారు వేగాన్ని మార్చడానికో సెకనుకు 20,000 సార్లు వేసి ఆపాల్సి వస్తుంది. అంత వేగాన్ని రిలే అందుకోనే లేదు. అందుకుంటుందనుకున్నా దాని ఆయుష్షు ఐదు సెకన్లు. ట్రాన్సిస్టర్‌కు ఈ లెక్కే వర్తించదు. దాని పరిమితుల్లో దాన్ని ఉంచితే ఎన్నిసార్లు వేశామన్నది దాదాపు పట్టించుకోనక్కర్లేదు. 75 వాట్ల మామూలు ఫ్యాను స్థానంలో ఇప్పుడు వస్తున్న 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు సాధ్యమైంది ఇందువల్లే. చాలా ఫ్యాన్లలో లోపల 24 వోల్టుల డీసీని మాస్‌ఫెట్లు అనే జాతి ట్రాన్సిస్టర్లే కాయిల్ నుంచి కాయిల్‌కు మారుస్తుంటాయి. ఆ పని రిలేతో చేయమంటే ఎవరూ చేయలేరు.

అదే లెక్కను బోరు మోటారుకు వేసి చూస్తే మాత్రం కథ తిరగబడుతుంది. రోజుకు నాలుగుసార్లు వేసి ఆపినా లక్ష సార్లకు అరవై ఏళ్లు దాటుతాయి. కాంటాక్టర్ కాయిల్ లాంటి లోడు కంపెనీ పరీక్షించిన లోడు కంటే మొండిది కనుక నిజమైన ఆయుష్షు అందులో చాలా తక్కువే అనుకున్నా, పదేళ్లకు ఢోకా లేదు. అంటే ట్రాన్సిస్టర్‌కున్న పెద్ద బలం ఆ పొలంలో అక్కరకు రాని బలం. వేగంగా వేసి ఆపేచోట అది తప్పనిసరి, అరుదుగా వేసి ఆపేచోట ఒక సౌకర్యం మాత్రమే. ఈ తేడాను గమనించకుండా రెండువైపులా వాదించడం నేను చాలాసార్లు విన్నాను.

బోయినపల్లి నుంచి సిరిసిల్ల వైపు వెళ్తే వాదానికి ఇంకో కోణం దొరుకుతుంది. అక్కడి మరమగ్గాల్లో, అక్కడి మాటలో సాంచాల్లో, ఎక్కువభాగం సాదావే. వాటికి పరికరాలు బిగించుకోవడానికి 2017లో వచ్చిన పవర్‌టెక్స్ ఇండియా పథకం కింద కేంద్రం సాయం చేసింది. ఆ పరికరాల్లో పడుగు పోగు తెగగానే సాంచెను ఆపేది కూడా ఒకటి. కరెంటుతో పనిచేసే రకంలో ప్రతి పోగుకూ ఒక సన్నటి రేకు వేలాడుతుంది. పోగు తెగితే రేకు కింది పట్టీ మీద పడుతుంది, తక్కువ వోల్టేజీ సర్క్యూటు కలుస్తుంది, ఒక కాయిల్ లాగి సాంచె పిడిని తప్పిస్తుంది. ఇక్కడ కాయిల్ కరెంటు మొత్తాన్ని ఆ రేకు గుండానే పంపితే ఏమవుతుంది? రేకు పడేటప్పుడు ఎగిరెగిరి పడుతుంది, ఎగిరినప్పుడల్లా నిప్పురవ్వ. రేకు అంచు కాలుతుంది, పట్టీ నల్లబడుతుంది, కొన్నాళ్లకు పోగు తెగినా సాంచె ఆగదు. పైగా కార్ఖానాలో గాలి నిండా దుమ్ము, నూలు పీచు. మధ్యలో ట్రాన్సిస్టర్ ఉంటే రేకు మోయాల్సింది రెండు మూడు మిల్లీ ఆంపియర్లు మాత్రమే. బరువు పని ట్రాన్సిస్టర్ చూసుకుంటుంది. రవ్వ దాదాపుగా పోతుంది. ఇది చిన్న లాభం కాదు.

అయితే ఆ లాభానికి అంటుకునే ఒక చిక్కు ఉంది. రేకు గుండా పోయే కరెంటు మరీ తక్కువైతే నూనె పొర, దుమ్ము పొర దాన్ని అడ్డుకోగలవు. పెద్ద కరెంటుకు వచ్చే చిన్న రవ్వ ఆ పొరను కొంత కాల్చి శుభ్రం చేసేది. ఇప్పుడు ఆ పని ఎవరూ చేయరు కాబట్టి పట్టీని మనిషే తుడవాలి. ఒక అరుగుదలను తప్పించాం, దాని బదులు ఒక శుభ్రతను మనిషి మీద పెట్టాం. సాంచె దగ్గర పన్నెండు గంటలు నిలబడే కార్మికుడికి ఆ అదనపు పని ఎవరు చెప్తారు, దానికి కూలి ఎవరు కడతారు అనేది ఎలక్ట్రానిక్స్ పుస్తకాల్లో ఉండదు.

ట్రాన్సిస్టర్ బలహీనతల్లోకెల్లా ముందు చెప్పాల్సింది కాయిల్ వల్ల వచ్చేది. రిలే కాయిల్‌లో కరెంటు పారుతున్నంతసేపూ చుట్టూ అయస్కాంత క్షేత్రం నిలిచి ఉంటుంది. నిండుగా పారే కాలువకు ఒక్కసారిగా తూము మూస్తే నీళ్లు వెనక్కి ఎగదన్నినట్టు, ట్రాన్సిస్టర్ ఒక్కసారిగా ఆపగానే ఆ క్షేత్రం కూలుతూ వంద వోల్టులు దాటే దెబ్బను వెనక్కి కొడుతుంది. బీసీ 547 తట్టుకోగలిగింది 45 వోల్టులు. అందుకని కరెంటును ఒకే దిశలో పోనిచ్చే డయోడు ఒకటి, ఎక్కువగా 1ఎన్ 4007, కాయిల్‌కు అడ్డంగా పెడతారు. రూపాయి ఖర్చు. దాన్ని మరిచిపోయిన బోర్డు మొదటిరోజు బాగానే పనిచేస్తుంది, అదే దానిలోని మోసం. తిరగేసి పెడితే సంగతి వేరు. నేర్చుకునే రోజుల్లో నేనే ఒకసారి అలా పెట్టాను, స్విచ్చి వేయగానే ట్రాన్సిస్టర్ పొగ వదిలింది. మరిచిపోవడం కంటే తిరగేయడం నయం, తప్పు వెంటనే తెలుస్తుంది.

ఆ డయోడు కూడా వట్టి మేలే చేస్తుందని చెప్పలేం. అది కాయిల్‌లోని కరెంటుకు మెల్లగా తగ్గే దారి ఇస్తుంది కనుక రిలే వదలడం ఆలస్యమవుతుంది. నాలుక మందకొడిగా విడిపోతే అక్కడ నిప్పు కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది, కొనలు కాస్త ఎక్కువ కాలుతాయి. ట్రాన్సిస్టర్‌ను కాపాడటానికి పెట్టింది రిలే ఆయుష్షును కొంత తింటుందన్నమాట. డయోడుకు తోడు ఒక జీనర్ డయోడు పెడితే ఈ ఆలస్యం తగ్గుతుంది. కానీ అప్పుడు ట్రాన్సిస్టర్ మీద పడే వోల్టేజీ కొంత పెరుగుతుంది. బోరు మోటారు బోర్డుకు ఇంత చూసుకోవాలా అంటే, అక్కర్లేదనే నా అభిప్రాయం. కానీ ఒకచోట బిగిస్తే ఇంకోచోట వదులయ్యే గుణం ఈ చిన్న సర్క్యూట్లలో కూడా ఉందని తెలిసి ఉండటం మంచిది.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది ట్రాన్సిస్టర్ చెడిపోయే తీరు. శక్తికి మించి మోసిన ట్రాన్సిస్టర్ ఎక్కువసార్లు షార్ట్ అయి పోతుంది. అంటే తలుపు మూసుకుపోయి కాదు, తెరుచుకుని బిగుసుకుపోయి. ఆపమని చిప్పు చెప్తూనే ఉంటుంది, కరెంటు పోతూనే ఉంటుంది. పొలంలో దీని అర్థం, మోటారు ఆగదు. రైతు ఇంట్లో ఫోను నొక్కి ఆపేశాననుకుంటాడు. బోరులో నీళ్లున్నంతవరకు మడి నిండి పక్కవాడి మడిలోకి పారుతుంది. నీళ్లు లేని బోరైతే మోటారు ఖాళీగా తిరిగి వైండింగ్ కాలుతుంది. ట్రాన్సిస్టర్‌కు చప్పుడు లేదు కనుక అది పోయిన సంగతిని చెప్పేదీ ఏదీ ఉండదు. ఈ కారణం ఒక్కటే చాలు, కొందరు అనుభవజ్ఞులు దాన్ని దూరంగా ఉంచడానికి. వాళ్లను పాతకాలపు మనుషులని కొట్టిపారేయడం న్యాయం కాదు.

అలాగని రిలేకు ఈ దోషం లేదనడం కూడా న్యాయం కాదు. దాని కొనలు నిప్పుకు కరిగి అతుక్కుపోవచ్చు. అప్పుడు కాయిల్ కరెంటు ఆపినా అది వదలదు. మూత సరిగా లేని డబ్బాల్లో చీమలు, బల్లులు దూరి నాలుకకు అడ్డం పడటం పల్లెల్లో అందరూ చూసిందే. ట్రాన్సిస్టర్‌లోకి ఏ చీమా దూరలేదు. దుమ్ము, తేమ, అదురు దానికి లెక్కలోకి రావు. రోజంతా అదిరే సాంచె మీద బిగించిన బోర్డులో రిలే సోల్డరింగ్ ఊడటానికి అవకాశం ఎక్కువ. తూకం ఒకవైపు ఒరిగిందనుకున్న ప్రతిసారీ ఇలా మరో రాయి ఎదురు తక్కెడలో పడుతుంది.

తడి నేలలో వాడేవాళ్లకు ఇంకో విషయం. రిలేలో కాయిల్ వైపు, కొనల వైపు మధ్య లోహపు సంబంధం లేదు. 12 వోల్టుల వైపున్న చిప్పుకూ అవతల ఉన్న పెద్ద కరెంటుకూ నడుమ గోడ ఉన్నట్టే. ట్రాన్సిస్టర్‌లో ఆ గోడ లేదు. రెండు వైపులకూ నెగటివ్ తీగ ఉమ్మడి. పిడుగు పడినప్పుడో, లైనులో కరెంటు ఎగిరినప్పుడో ఒకవైపు తగిలిన దెబ్బ రెండోవైపుకు పోతుంది. ఆప్టోకప్లర్ పెట్టి వెలుగుతో గోడ కట్టొచ్చు, కాకపోతే ఇంకొక భాగం, ఇంకొక అనుమానం చేరతాయి. ఇక చౌకగా ఉంటుందని చాలామంది ట్రాన్సిస్టర్‌ను నెగటివ్ వైపు పెడతారు. ఆపినా సరే లోడు తీగలో 12 వోల్టులు నిలిచే ఉంటాయి. ఆ వోల్టేజీ మనిషిని ఏమీ చేయదు. కానీ మట్టిలోనో తడి గోడ మీదో పారే తీగకు ఎక్కడైనా తొడుగు చిట్లితే, ఆ చిన్న కరెంటు నిరంతరం కారుతూ రాగిని పచ్చగా తినేస్తుంది. పాజిటివ్ వైపు ఆపితే ఈ బాధ తగ్గుతుంది, సర్క్యూటు కాస్త చిక్కవుతుంది.

వేడి సంగతికి వద్దాం. షాపుల్లో చేతికి సులభంగా దొరికేది టిప్ 122. ఒకే ఒంట్లో రెండు ట్రాన్సిస్టర్లు ఉన్న డార్లింగ్టన్ జాతిది. చిన్న బేస్ కరెంటుకే పెద్ద లోడు మోస్తుందని అందరికీ ఇష్టం. కానీ 3 ఆంపియర్ల దగ్గర అది తన మీదనే 2 వోల్టుల దాకా ఉంచుకోగలదు. అంటే 6 వాట్లు, వేలు పెట్టలేనంత వేడి. 12 వోల్టుల లైట్ల వరుసకు పోవాల్సిన 36 వాట్లలో ఆరోవంతు అక్కడే ఆవిరి. అదే లోడుకు ఐఆర్ఎల్‌జడ్ 44ఎన్ లాంటి మాస్‌ఫెట్ పెడితే, గేటు అనే కాలికి 5 వోల్టులు ఇచ్చినప్పుడు దాని నిరోధం ఓంలో నలభయ్యో వంతు కనుక వృథా అయ్యేది పావు వాటుకు లోపే. ఇంత తేడా చూశాక ఎవరైనా మాస్‌ఫెట్ వైపే మొగ్గుతారు. మొగ్గి, అక్కడో గుంటలో పడతారు. దాని జంట పేరులా కనిపించే ఐఆర్ఎఫ్‌జడ్ 44ఎన్‌కు గేటు వోల్టేజీ 2 నుంచి 4 అని కాగితం మీద చూసి 3.3 వోల్టుల చిప్పుకు తగిలిస్తారు. ఆ అంకె తలుపు సందు పడటం మొదలయ్యే వోల్టేజీయే గాని పూర్తిగా తెరుచుకునేది కాదు. దానికి పది వోల్టులు కావాలి. సగం తెరిచిన తలుపు గుండా లోడు నడుస్తుంది, లైటు మసకగా వెలుగుతుంది, మాస్‌ఫెట్ ఉడుకుతుంది. పేరులో ఒక్క అక్షరం తేడా.

కరెంటు ఆదా అనే మాటను కూడా కొంచెం నిదానంగా చూడాలి. రిలే పట్టి ఉంచినంతసేపూ దాని కాయిల్ సుమారు 0.36 వాట్లు తింటుంది. 3 ఆంపియర్ల దగ్గర మంచి మాస్‌ఫెట్ వృథా చేసేది దానికి ఎంతో తక్కువ కాదు, డార్లింగ్టన్ అయితే దానికి పదహారు రెట్లు. సోలార్ దీపానికి 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఉందనుకుంటే అందులో ఉండేది 84 వాట్ అవర్లు. రాత్రి పన్నెండు గంటలు రిలే పట్టి ఉంటే నాలుగు వాట్ అవర్లకు పైగా, అంటే ఇరవయ్యోవంతు, ఉత్త కాయిల్‌కే పోతుంది. 3 ఆంపియర్ల కంటే చాలా తక్కువ లాగే ఆ దీపానికి ట్రాన్సిస్టరే సరి. కానీ గ్రిడ్ కరెంటు మీద నడిచే బోరు స్టార్టర్‌లో ఆ మూడోవంతు వాటును ఎవరూ లెక్కపెట్టరు, పెట్టనక్కర్లేదు.

ఇక మరమ్మతు. ఒక భాగం ఎంత మంచిదన్న ప్రశ్నకు మన దగ్గర ఎప్పుడూ ఒక తోక ఉంటుంది: పాడైతే ఎవరు బాగుచేస్తారు? రిలేను చూసి, కదిపి, విని పరీక్షించొచ్చు. మల్టీమీటర్ లేనివాడు కూడా ఓ మాట చెప్పగలడు. ట్రాన్సిస్టర్‌కు మీటరు కావాలి, దాని కాళ్లు తెలిసి ఉండాలి. బీసీ 547ను చదును ముఖం మనవైపు పెట్టి చూస్తే కలెక్టర్, బేస్, ఎమిటర్. దాని బదులు పెట్టే 2222 రకాల్లో కొన్నిటికి ఎమిటర్, బేస్, కలెక్టర్. తిరగేసి బిగిస్తే అది అంతో ఇంతో పనిచేసినట్టే కనిపించి మనిషిని అయోమయంలో పడేస్తుంది. పాత లోహపు టోపీ ఎస్ఎల్ 100కు ఎమిటర్ పక్కన చిన్న ముక్కు ఉండేది, చీకట్లో వేలితో తడిమినా కాళ్లు తెలిసేవి. ఈ సంగతి చెప్తుంటే కొందరు పెద్ద మెకానిక్‌ల ముఖంలో వెలుగు చూశాను. భాగాల కోసం హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ దాకా పోవాల్సి వచ్చేవారికి పొరపాటు ఖరీదు రెండు రూపాయలు కాదు, ఒక రోజు కూలీ, బస్సు చార్జీ. పాత సరుకు మీద కొత్త నంబరు ముద్రించి అమ్మే బెడద ప్రపంచంలో అన్నిచోట్లా ఉంది. పైకి చూసి పోల్చలేనిది కనుక ట్రాన్సిస్టర్‌కు ఆ బెడద ఎక్కువ.

దీనికి మరోవైపు కూడా చెప్పాలి. రెండు మూడు రూపాయల భాగాన్ని పది కొని డబ్బాలో టేపుతో అంటించి పెట్టుకోవచ్చు. పదుల రూపాయల రిలేలు పది ఎవరూ కొని పెట్టుకోరు. ఏడు ట్రాన్సిస్టర్ జంటలు, వాటి డయోడులు కలిపి ఒకే ఒంట్లో ఉన్న యూఎల్ఎన్ 2003 అనే చిప్పును సాకెట్‌లో పెడితే సోల్డరింగ్ కూడా అక్కర్లేదు, పాతది పీకి కొత్తది గుచ్చడమే. మరమ్మతు కష్టం అనేది వస్తువు గుణం కొంత, బోర్డు వేసినవాడి ఆలోచన కొంత.

సర్క్యూటు వెలుపలికి పారే పర్యవసానాలను కూడా తూచకపోతే తూకం పూర్తికాదు. బోయినపల్లి ఉన్న రాజన్న సిరిసిల్ల జిల్లాలో కరెంటు ఇచ్చేది 1970లో మొదలైన సహకార విద్యుత్ సరఫరా సంఘం, జనం నోట ‘సెస్’. వ్యవసాయానికి కరెంటు వంతులవారీగా వచ్చిన కాలంలో, అర్ధరాత్రి బాయి దగ్గరికి పోయే బాధ తప్పించుకోవడానికి రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు రాగానే మోటారు తనంతట తానే ఎత్తుకునే ఏర్పాటు. పాము భయం, షాకు భయం ఉన్న చీకట్లో అది ఎంత మేలో అనుభవించినవాళ్లకే తెలుసు. కానీ ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లన్నీ ఒకే క్షణంలో ఎత్తుకుంటే ఆ దెబ్బ ట్రాన్స్‌ఫార్మర్ మీద పడుతుంది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చాక ఇంకో చిక్కు తోడైంది. ఆగకుండా కరెంటు ఉన్నచోట ఆటో స్టార్టర్ ఉంటే మోటారు ఆగకుండా తిరుగుతుంది, భూగర్భ జలం ఆగకుండా తగ్గుతుంది. వాటిని తీసేయమని అధికారులు ఊరూరా తిరిగి చెప్పారు. తీసినవాళ్లూ ఉన్నారు, తీయనివాళ్లూ ఉన్నారు. ఇద్దరి వాదనలోనూ న్యాయం కనిపిస్తుంది.

ఇందులో ట్రాన్సిస్టర్ తప్పు లేదు, రిలే తప్పూ లేదు. అయినా ఒక సంగతి గమనించదగ్గది. వేయడం, ఆపడం ఎంత తేలికైతే అంత ఆలోచన తగ్గుతుంది. బాయిదాకా నడిచి మోటారు వేసే మనిషి మడిలో నీళ్లు చూసేవాడు. మధ్య మానేరు జలాశయం నిండాక చుట్టుపక్కల బోర్లలో నీళ్లు పైకొచ్చిన ఊళ్లలో ఈ మాట ఇప్పుడు పెద్ద అవసరంగా కనిపించకపోవచ్చు. ఆ జలాశయం కింద ఊరు, బాయి రెండూ పోగొట్టుకుని కొత్త కాలనీలకు మారిన కొదురుపాక లాంటి గ్రామాల వారికి నీటి విలువ గురించి చెప్పాల్సిన పనీ లేదు. అయితే దూరం నుంచి నొక్కే మీటకు తోడు, ఇంతసేపటి తర్వాత ఆగిపో అని చిప్పులోనే గడువు రాసే సౌకర్యం కూడా ఆ తక్కువ వోల్టేజీ వైపే ఉంది. సౌకర్యాన్ని పెంచిన చోటే దానికి కళ్లెం కూడా వేయొచ్చు, వేయాలనుకుంటే.

ఇన్ని చెప్పాక ఒకవైపు తీర్పు చెప్పడం కష్టం, చెప్పకుండా తప్పుకోవడం మర్యాద కాదు. నాకు తోచిన దారి ఇది. సెకనుకు, నిమిషానికి చాలాసార్లు వేసి ఆపే పనైతే, బ్యాటరీ మీద నడిచే పనైతే, అదురు, దుమ్ము ఎక్కువున్న చోటైతే ట్రాన్సిస్టర్ ఒక్కటే సరి. 3.3 వోల్టులకే పూర్తిగా తెరుచుకునే మాస్‌ఫెట్ దొరికితే ఇంకా మంచిది. అరుదుగా వేసి ఆపే పనైతే, అవతలివైపు ఇంటి కరెంటో మూడు ఫేజులో ఉంటే, ఆగకపోతే నష్టం పెద్దదైతే, ట్రాన్సిస్టర్ రిలేను నడపాలి, రిలే లోడును నడపాలి. ఖర్చు కొంచెం పెరుగుతుంది, మధ్యలో గోడ ఉంటుంది, చప్పుడు ఉంటుంది. ఏ దారిలోనైనా భాగాన్ని దాని గరిష్ఠ అంకెలో సగానికి మించి వాడకపోవడం, డయోడును మరవకపోవడం వాదానికి అతీతం. ఇక ఆగకపోవడం అనే ప్రమాదానికి ట్రాన్సిస్టర్‌నో రిలేనో నమ్ముకోకుండా, మోటారు స్టార్టర్ మీది ఎర్ర మీటను చేతికి అందేలా, పనిచేసేలా ఉంచుకోవాలి. దీనితో ఏకీభవించని మెకానిక్‌లు ఉంటారు. రెండు భాగాలు పెడితే రెండు చోట్ల చెడుతుంది కదా అని వాళ్లు అడిగితే, అది కూడా నిజమే.

ఆ నిజానికి నేను చూసినవాటిలో మంచి జవాబు ఒక రూపాయి ఎర్ర ఎల్‌ఈడీ. ఒక రెసిస్టర్‌తో కలిపి దాన్ని రిలే కాయిల్‌కు అడ్డంగా పెడతారు, డబ్బా మూతకు రంధ్రం చేసి బయటికి కనిపించేలా ఉంచుతారు. ఫోను కొట్టాక లైటు వెలగకపోతే అనుమానం ట్రాన్సిస్టర్ మీదో, దాని వెనకున్న చిప్పు మీదో. లైటు వెలిగి టక్కు రాకపోతే రిలే పోయింది. టక్కు వచ్చి ధడ్ మనకపోతే రిలే కొనలో, కాంటాక్టరో. ఆపమని చెప్పాక కూడా లైటు ఆరకపోతే ట్రాన్సిస్టర్ షార్ట్ అయినట్టే లెక్క, మెయిన్ ఆపేసి మెకానిక్‌ను పిలవాలి. లైటు ఆరినా మోటారు తిరుగుతుంటే ఎక్కడో కొనలు అతుక్కున్నాయి. ఈ ఐదు సంగతులూ మూత లోపలివైపు తెలుగులో రాసి అంటిస్తే, రైతు షాపుకు వచ్చి చెప్పే మాట కొంచెం మారుతుంది: “టక్కు వస్తలేదన్నా, ఎర్ర లైటు మాత్రం ఎలుగుతున్నది.”